చలి ఊళ్ళలో గ్యాస్ గీజరు: కొనే ముందు ఏమేమి కొలుచుకోవాలి

కార్తీక మాసం వచ్చేసరికి ఒడిశా కొరాపుట్ కొండల మీది సిమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు ఇళ్ళలో వేడినీళ్ళ మాట మొదలవుతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్ళలో, డాబా మీది ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీరు తెల్లవారి ఐదింటికి చేయి పెట్టనివ్వదు. వెనక పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, కాగు ఎక్కించి, ఎండు కొమ్మలు ఎగదోసే రోజులు పోయాయి. ఇప్పుడు పెరడూ లేదు, కట్టెలు ఏరుకొచ్చే మనిషీ లేడు. కరెంటు గీజరు ఉన్నవారికి అందరూ ఒకేసారి స్విచ్చులు వేసే ఆ గంటలోనే వోల్టేజీ పడిపోతుంది. అందువల్ల చాలామంది గ్యాస్ గీజరు వైపు చూస్తున్నారు. నీరు నిల్వ చేసే ట్యాంకు లేకుండా, కుళాయి తిప్పగానే మంట వెలిగి, కట్టగానే ఆరిపోయే యంత్రం ఇది. దీనిని ఎంచుకోవడానికి దుకాణానికి వెళ్ళే ముందు ఇంట్లో చేయవలసిన పని చాలా ఉంది. ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెబుతాను.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇలాంటి యంత్రాన్నే ప్రొపేన్ ట్యాంక్‌లెస్ హీటరు అంటారు. అక్కడ పల్లెటూరి ఇళ్ళ ఆవరణలో పెద్ద ప్రొపేన్ ట్యాంకు ఉంటుంది, లారీ వచ్చి దానిని నింపిపోతుంది. మన సిలిండరులో ఉండేది ఒక్క ప్రొపేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్‌పీజీ. ఈ తేడా చలి ఊళ్ళలో చిన్నది కాదు, దాని సంగతి సిలిండరు దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం.

ముందు చోటు నిర్ణయించండి

ఎన్ని లీటర్లది, ఏ కంపెనీది, ఎంత ధర అన్నవి తర్వాతి ప్రశ్నలు. గీజరు ఏ గోడకు వేలాడుతుందో తేలకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పొగగొట్టం లేని మామూలు గ్యాస్ గీజరు స్నానాలగదిలో ఉండకూడదు. బయటి గోడకు సన్‌షేడ్ కింద గాని, తెరిచి ఉన్న వరండాలో గాని చోటు దొరకకపోతే ఆ ఇంటికి ఈ యంత్రం వద్దు, కరెంటుదే పెట్టుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఇంట్లోనే జరిగింది. అప్పుడు మేము అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. స్నానాలగది నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు. బిగించడానికి వచ్చిన మెకానిక్ పైపు ఖర్చు మిగులుతుందని చెప్పి గీజరును షవరు పక్కనే గోడకు కొట్టాడు. పైనున్న గాజు పలకల వెంటిలేటరులోంచి చలిగాలి కొడుతోందని నేనే పాత క్యాలెండరు అట్ట కత్తిరించి టేపుతో అంటించాను. ధనుర్మాసంలో ఒక ఆదివారం ముగ్గురం వరుసగా స్నానాలు చేశాక నాలుగవ మనిషిగా మా చెల్లెలు వెళ్ళింది. పావుగంట దాటినా నీళ్ళ చప్పుడు ఆగలేదు, పిలిస్తే పలకలేదు. తలుపు గడియ పాతది కావడం మా అదృష్టం, రెండు తోపులకే ఊడిపోయింది. లోపల ఆమె గోడకు జారబడి కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నోట మాట లేదు. గీజరు అద్దంలోంచి కనబడే మంట అప్పటికి నీలంగా లేదు, దీపం వత్తిలా పసుపుపచ్చగా ఊగుతోంది. వరండాలోకి తెచ్చి పడుకోబెట్టిన కాసేపటికి వాంతి చేసుకుని తెలివిలోకి వచ్చింది, తలనొప్పి మాత్రం రెండు రోజులు వదలలేదు. గదిలో గ్యాసు వాసన ఏమాత్రం లేదు. అందుకే చాలా రోజులు మేము అది నీరసమనే అనుకున్నాం.

వాసన రాకపోవడమే ఇందులోని మోసం. సిలిండరు గ్యాసులో లీకు తెలియడానికి ఘాటైన వాసన గల మెర్కాప్టాన్ కలుపుతారు. గ్యాసు కాలిపోయాక ఆ వాసన ఉండదు. గాలి చాలక మంట సగం సగం కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, కంటికీ ముక్కుకీ మంట పుట్టించదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. అందువల్ల మనిషికి ఆయాసం తెలియకుండానే కాళ్ళు పట్టు తప్పుతాయి, తలుపు తీసుకునే శక్తి ఉండదు.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత త్వరగా జరుగుతుందో అర్థమవుతుంది. ఒక కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 12 నుంచి 13 ఘనమీటర్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల గీజరు గంటకు దాదాపు ఒక కిలో గ్యాసు కాలుస్తుంది. నాలుగు అడుగులు, ఆరు అడుగులు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న గదిలో మొత్తం గాలి ఐదున్నర ఘనమీటర్లకు మించదు. అంటే తలుపు, వెంటిలేటరు మూసుకుని పది నిమిషాలు షవరు కింద నిలబడితే ఆ గదిలోని ప్రాణవాయువులో మూడో వంతుకు పైగా గీజరే తినేస్తుంది. పైగా అది వదిలిన వాయువులన్నీ ఆ గదిలోనే తిరుగుతూ మళ్ళీ మంటలోకే వెళతాయి. నాలుగవ మనిషి లోపలికి వెళ్ళే వేళకు గది ఎలా ఉంటుందో మీరే ఊహించండి. కొండమీద గాలి పల్లంలో కంటే పదో వంతు పలచన కూడా.

చోటు చూసేటప్పుడు ఈ సంగతులు గమనించండి. గీజరు పైనుంచి వచ్చే వేడిగాలి కిటికీలోంచి మళ్ళీ ఇంట్లోకి రాకూడదు కాబట్టి, కిటికీకి కనీసం మూడు నాలుగు అడుగుల ఎడం ఉంచాలి. సిలిండరుకు నేరుగా పైన బిగించకూడదు. మంట కనబడే అద్దం మీ కంటి ఎత్తులో ఉంటే రోజూ ఒక చూపు పడుతుంది. కొరాపుట్ కొండల మీద ఈదురుగాలితో కూడిన వాన ఏటవాలుగా కొడుతుంది. ఆ గాలికి మంట ఆరిపోకుండా రేకుతో చిన్న గూడు కట్టించండి, అయితే దాని అడుగుభాగమూ పైభాగమూ తెరిచే ఉండాలి. చుట్టూ మూసేస్తే స్నానాలగదిలో పెట్టినదానికీ దానికీ తేడా ఉండదు. బాల్కనీకి గాజు తలుపులు బిగించుకున్నవారు దానిని బయటి చోటుగా లెక్కపెట్టకండి.

బయట పెడితే వేడినీరు వచ్చేసరికి ఆలస్యమవుతుందని కొందరు వెనకాడతారు. అర అంగుళం పైపు పది మీటర్ల పొడవున పట్టే నీరు లీటరున్నర అటూ ఇటూ మాత్రమే. నిమిషానికి 6 లీటర్ల ధారలో అది పదిహేను ఇరవై సెకన్లలో వచ్చేస్తుంది. ఆ చన్నీటిని బకెట్టులో పడితే వృథా కూడా కాదు. ఆ పైపు సీపీవీసీదై ఉండాలి. మామూలు తెల్ల పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

గోడకు రంధ్రం చేసి పొగను ఫ్యానుతో బయటికి నెట్టే గీజర్లు, బయటి గాలినే పీల్చుకుని బయటికే వదిలే జంట గొట్టాల గీజర్లు కూడా ఉన్నాయి. రెండవ రకం ఇంటి లోపల పెట్టడానికి తగినది. అయితే వీటి ధర ఎక్కువ, ఫ్యానుకు కరెంటు కావాలి, మన చిన్న ఊళ్ళలో వీటిని విప్పి బిగించగలిగినవారు దొరకడం కష్టం.

నీటిని కొలవండి

దీనికి ఒక బకెట్టు, ఒక వాచీ, ఒక థర్మామీటరు చాలు. జ్వరం చూసే థర్మామీటరు 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది కాబట్టి పనికిరాదు, వంటకు వాడేది తెచ్చుకోండి. మీ ఊళ్ళో చలి బాగా ముదిరిన రోజున, సూర్యోదయానికి ముందు, ట్యాంకు నీటి వేడి చూసి రాసుకోండి. మా ట్యాంకు నీరు ఒక పుష్యమాసపు తెల్లవారుజామున 14 డిగ్రీలు చూపించింది. ఒంటికి హాయిగా ఉండే స్నానపు నీరు 40 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంటే మా ఇంట్లో నీటిని 26 డిగ్రీలు పెంచాలి.

డబ్బా మీద 6 లీటర్లు అని ఉంటే అది సాధారణంగా 25 డిగ్రీల పెంపు దగ్గర నిమిషానికి 6 లీటర్లు అని అర్థం. ఆ ఆరును 25తో గుణించి మీకు కావలసిన పెంపుతో భాగిస్తే మీ ఇంట్లో వచ్చే ధార తెలుస్తుంది. సిమిలిగుడలో అది 5.8 లీటర్లు, ఒక షవరుకు సరిగ్గా సరిపోతుంది. అదే గీజరు పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ట్యాంకు నీరు 22 డిగ్రీలు ఉన్న ఉదయం 8 లీటర్లకు పైగా ఇస్తుంది. పల్లపు ఊరి బంధువులు బాగుందన్న యంత్రం కొండమీద చాలీచాలకుండా ఉండటంలో వింత లేదు. పోలికకు 3 కిలోవాట్ల చిన్న కరెంటు ఇన్‌స్టంట్ గీజరును తీసుకోండి. 26 డిగ్రీలు పెంచవలసి వస్తే అది నిమిషానికి లీటరున్నర పైచిలుకు మాత్రమే ఇవ్వగలదు. చెంబు నిండే దాకా వణుకుతూ నిలబడాలి.

తర్వాత బకెట్టు పని. షవరు గాని కుళాయి గాని పూర్తిగా తిప్పి 15 లీటర్ల బకెట్టు ఎంతసేపటికి నిండుతుందో చూడండి. రెండున్నర నిమిషాలకు నిండితే నిమిషానికి 6 లీటర్లు వస్తున్నట్టు. ఆరు నిమిషాలు పడితే ధార రెండున్నర లీటర్లే, అంత సన్నటి ధారకు చాలా గీజర్లు వెలగనే వెలగవు. నీరు తనలోంచి పారుతున్న ఒత్తిడికి లోపలి పొర కదిలితేనే గ్యాసు కవాటం తెరుచుకుంటుంది, అదే దీని మీట. గీజరు నామఫలకం మీద కనీస నీటి పీడనం 0.02 ఎంపీఏ అనో 0.03 ఎంపీఏ అనో ఉంటుంది. ట్యాంకు అడుగు షవరు కంటే రెండు మూడు మీటర్లు ఎత్తున ఉండాలని దాని అర్థం. ఒంటి అంతస్తు ఇంటి డాబా మీద ట్యాంకును నేలకు ఆనించి పెట్టినవారికి ఈ ఎత్తు దొరకదు. ట్యాంకు కింద ఇటుకల దిమ్మె కట్టి లేపడం, లేదా తక్కువ ఒత్తిడికి వెలిగే మోడలు అడగడం, ఈ రెండే దారులు. చిన్న పంపు కూడా పెట్టవచ్చు గాని, కరెంటు లేనప్పుడు పనికివస్తుందని కొన్న గీజరు చివరికి కరెంటు మీదే ఆధారపడుతుంది.

సంక్రాంతికి పదిమంది దిగే ఇల్లు, రెండు స్నానాలగదులు ఉన్నప్పుడు 10 లేదా 12 లీటర్ల గీజరు కొంటే పోదా అనిపిస్తుంది. రెండు షవర్లు ఒకేసారి నడిస్తే గంటకు రెండు కిలోల గ్యాసు కావాలి. చలికాలంలో ఒక్క సిలిండరు అంత ఆవిరిని అలా ఇస్తూ ఉండలేదు. భోగినాడు తలంటు పోసుకునేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పోసుకుంటే 6 లీటర్లదే చాలు.

సిలిండరు సంగతి

ప్రొపేన్ సున్నా కంటే 42 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది, బ్యూటేన్ మరిగేది ఇంచుమించు సున్నా దగ్గర. సిలిండరు కొత్తగా ఉన్నప్పుడు ప్రొపేన్ ఎక్కువగా బయటికి వస్తుంది, చివరికి వచ్చేసరికి మిగిలేది ఎక్కువ భాగం బ్యూటేన్. ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగిన ఉదయం, పావు వంతే మిగిలిన సిలిండరు నుంచి గంటకు కిలో చొప్పున లాగితే అది తానూ చల్లబడిపోయి ఆవిరి తగ్గించేస్తుంది. బయట మంచు పట్టినట్టు తడి గీత కనబడుతుంది, మంట కుంగిపోతుంది. అప్పుడు సిలిండరును వేడినీటి తొట్టిలో పెట్టేవారినీ, పక్కకు పడుకోబెట్టేవారినీ చూశాను. రెండూ చేయకండి. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటరులోకి వస్తుంది. నిండు సిలిండరును చలి రోజులకు గీజరు వైపు పెట్టి, చివరి భాగాన్ని వంటపొయ్యికి వాడుకోవడం సులువైన ఉపాయం. ఇందుకు రెండు సిలిండర్ల కనెక్షన్ ఉండాలి.

ఖర్చు ముందే లెక్క వేసుకోండి. 18 లీటర్ల బకెట్టు నీటిని 26 డిగ్రీలు పెంచడానికి సుమారు 54 గ్రాముల గ్యాసు పడుతుంది. నలుగురు నాలుగు బకెట్లతో స్నానం చేస్తే రోజుకు 215 గ్రాములు, నెలకు ఆరున్నర కిలోలు, అంటే 14.2 కిలోల సిలిండరులో సగం కంటే తక్కువ. అదే నలుగురు ఒక్కొక్కరు పది నిమిషాలు షవరు కింద నిలబడితే రోజుకు 700 గ్రాములు దాటుతుంది, సిలిండరు ఇరవై రోజులకు ఖాళీ. గీజరు ఒకటే, సిలిండరు ఒకటే, తేడా అంతా షవరుదే. మా ఇంట్లో షవరు బిగించి ఉంది గాని చలికాలంలో దాని మీట తీసేసి అటక మీద పెడతాను. ఇంట్లో పిల్లలు నన్ను పిసినారి అంటారు.

సిలిండరు 900 రూపాయలు అనుకుంటే పై బకెట్టుకు మూడు రూపాయల పైచిలుకు పడుతుంది. కరెంటు యూనిట్ 5 రూపాయలు అనుకుంటే అదే బకెట్టు కరెంటు గీజరులో మూడు రూపాయల దగ్గరే తేలుతుంది. అంటే గ్యాసు చవక అన్నది కేవలం మాట. మీ బిల్లులోని ధరలతో ఈ లెక్క తిరిగి వేసుకుని, చవక కోసం కాక, కరెంటు పోయినా ఆగని వేడినీళ్ళ కోసం, వరుసగా ఎందరికైనా అందే ధార కోసం కావాలనుకుంటేనే కొనండి.

గ్యాస్ ఏజెన్సీకి చెప్పకుండా పొయ్యి గొట్టానికి టీ ముక్క పెట్టి గీజరుకు లాగే పని చేయించకండి. రెగ్యులేటరు మీద గంటకు ఎంత గ్యాసు ఇవ్వగలదో అంకె ఉంటుంది, గీజరు నామఫలకం మీద గంటకు ఎంత తాగుతుందో ఉంటుంది. మొదటిది రెండవదాని కంటే ఎక్కువ ఉండాలి, పొయ్యి కూడా దానిమీదే నడిస్తే ఆ వాటా కూడా కలపాలి. రబ్బరు గొట్టం ఐఎస్ఐ ముద్ర ఉన్న సురక్షా గొట్టమే కావాలి, మీటరున్నరకు మించకూడదు, గోడలోంచి దూర్చకూడదు, ఐదేళ్ళకు మార్చాలి. అంతకంటే దూరమైతే రాగి గొట్టం వేయించండి. సిలిండరు నిటారుగా, నేలమట్టానికి పైన, గాలి ఆడే చోట ఉండాలి. ఈ గ్యాసు గాలి కంటే బరువు, గుంటలోకీ మెట్ల కింది మూలలోకీ దిగి నిలబడుతుంది.

దుకాణంలో చదవవలసినవి

రంగును, డిజిటల్ అంకెల తెరను చూడకముందు గీజరు పక్కన అతికించిన నామఫలకం చదవండి. ఐఎస్ఐ ముద్ర, దాని మీద ఐఎస్ 15558 అన్న సంఖ్య ఉండాలి. ఇళ్ళలో వాడే చిన్న ఎల్‌పీజీ గీజర్లకు భారతీయ ప్రమాణం అదే. ఎల్‌పీజీకి అని స్పష్టంగా రాసి ఉండాలి. ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. గంజాం జిల్లా నుంచి సూరత్‌కు పనికి వెళ్ళేవారు ఎందరో, తిరిగి వచ్చేటప్పుడు అక్కడ వాడిన సామాను తెచ్చుకోవడం మామూలే. సూరత్ ఇళ్ళకు గొట్టాల ద్వారా వచ్చేది సహజవాయువు. దాని కోసం చేసిన గీజరులో గ్యాసు చిమ్మే జెట్ల రంధ్రాలు పెద్దవి. ఎల్‌పీజీ ఘనమీటరుకు దానికి రెండున్నర రెట్ల వేడి ఇస్తుంది. ఆ పెద్ద రంధ్రాలలోంచి ఎల్‌పీజీ వదిలితే మంట పొడవుగా, పసుపుగా లేచి మసి కక్కుతుంది, పైన చెప్పిన విషవాయువు ధారాళంగా పుడుతుంది. రంధ్రాలు మార్చి ఇస్తానని ఎవరన్నా సరే వద్దనండి.

అమెరికా నుంచి వచ్చేవారు తెస్తామన్న గీజరు కూడా వద్దు. అక్కడ ఇల్లంతటికీ సరిపడే పెద్ద గీజరు మీద గంటకు 1,99,000 బీటీయూ (అక్కడి వేడి కొలత) అని ఉంటుంది. అది పూర్తి జోరున నడిస్తే గంటకు నాలుగు కిలోలకు పైగా ప్రొపేన్ కాలుస్తుంది. మన సిలిండరు దానికి మూడున్నర గంటల తిండి, అంత వేగంగా ఆవిరి ఇవ్వడం ఎలాగూ దాని తరం కాదు.

రక్షణ ఏర్పాట్లలో మంట ఆరితే గ్యాసు కట్టేసేది తప్పనిసరి. నీరు లేకుండా వెలగకుండా చూసేది, నీరు మితిమీరి కాగితే ఆపేది, 20 నిమిషాలకు తనంత తానే ఆగిపోయేది కూడా ఉండేటట్టు చూసుకోండి. గాలిలో ప్రాణవాయువు తగ్గితే ఆపేసే సెన్సారు ఉన్న మోడలుకు కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. అయితే ఆ సెన్సారు ఉందని చెప్పి స్నానాలగదిలో బిగించమనే అమ్మకందారు మాట వినకండి. చాలా గీజర్లు రెండు పెద్ద బ్యాటరీలతో నిప్పురవ్వ పుట్టిస్తాయి, కాబట్టి కరెంటు లేకున్నా వెలుగుతాయి. వేసవి, చలి మీట విడిగా ఉంటే మంచిది. అది లేని గీజరు చైత్రంలో కూడా కాలిపోయే నీళ్ళే ఇస్తుంది.

ఎక్కడ కొనాలన్నది కూడా తేలికగా తీసుకోకండి. పెళ్ళికో ఆసుపత్రికో విజయనగరం, విశాఖపట్నం వెళ్ళినప్పుడు ధర కొంచెం తక్కువని అక్కడ కొని, కారు డిక్కీలో ఘాటీ ఎక్కించేవారు మనలో చాలామంది. మూడు నెలలకు మరమ్మతు వస్తే ఆ మెకానిక్ సాలూరు దాటి పైకి రానంటాడు. కొనక ముందే జయపురం గాని రాయగడ గాని కేంద్రంగా ఆ కంపెనీకి మనిషి ఉన్నాడో లేదో అతనికే ఫోను చేసి అడగండి. లోపలి రబ్బరు పొర, మైక్రో స్విచ్, బ్యాటరీ పెట్టె, ఈ మూడూ తరచుగా పోయేవి. వాటి విడిభాగాలు తన దగ్గర ఉంటాయా అని ఒడియాలోనో తెలుగులోనో సూటిగా అడిగితే సూటిగానే చెబుతారు.

బిగించిన రోజున

మెకానిక్ సంతకం పెట్టించుకుని వెళ్ళేలోగా అతని ఎదుటే నాలుగు పనులు చేయండి. సబ్బునీటి నురుగు ప్రతి అతుకుకూ పూసి బుడగలు లేస్తున్నాయేమో చూడండి, అగ్గిపుల్లతో మాత్రం చూడవద్దు. కుళాయి తిప్పితే టిక్ టిక్ మన్న రెండు మూడు సెకన్లలో మంట అంటుకోవాలి. ఆలస్యంగా, బుస్సుమని ఒక్కసారిగా అంటుకుంటే జెట్లు గాని బ్యాటరీ గాని సరిగా లేవు. కుళాయి కట్టగానే మంట వెంటనే ఆరాలి. చివరగా, నీరు పారుతుండగా సిలిండరు కట్టేసి, మంట ఆరాక మళ్ళీ తెరవండి. గ్యాసు దానంతట అదే బుసకొడుతూ బయటికి రాకూడదు. మంట మొదలు నుంచి కొస దాకా నీలంగా ఉందో లేదో ఆ రోజే ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకుంటే ఏడాది తర్వాత పోల్చుకోవడానికి పనికివస్తుంది.

కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మోగే చిన్న బ్యాటరీ పరికరం ఒకటి కొని గీజరుకు దగ్గరలో ఉన్న గదిలో తగిలించండి. స్నానానికి వెళ్ళినవారికి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే బయటి గాలిలోకి రావాలని ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవారికీ పిల్లలకీ చెప్పి ఉంచండి. ఎవరైనా పడిపోతే ముందు తలుపు తెరిచి మనిషిని ఆరుబయటికి తేవాలి, సిలిండరు కట్టాలి, 108కి ఫోను చేయాలి, డాక్టరుకు గ్యాస్ గీజరు సంగతి తప్పక చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే ఫిట్స్ అనో నీరసం అనో అనుకునే అవకాశం ఉంది. గ్యాసు లీకు వాసన వస్తే పిలవవలసినది 1906, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇక ఏటా చేయవలసిన పని కొంచెమే. నీరు లోపలికి వెళ్ళే చోట ఉన్న జల్లెడలో కొండవాగు ఇసుక చేరుతుంది, మరచీల విప్పి కడిగితే తగ్గిన ధార తిరిగి వస్తుంది. బోరు నీళ్ళకు గిన్నె అడుగున తెల్లటి పొర కట్టే ఇళ్ళలో అదే పొర గీజరు గొట్టాలలో కూడా కడుతుంది, రెండేళ్ళకోసారి మెకానిక్ చేత కడిగించాలి. ఎండలు ముదిరి గీజరు ఆపేసినప్పుడు బ్యాటరీలు తీసి విడిగా పెట్టండి, లేకుంటే కారి పెట్టెను తినేస్తాయి. ఆ ఆరు నెలలు గీజరు ఊరికే ఉండదు. సాలీడు బర్నరు గొట్టాలలో గూడు అల్లుతుంది, కందిరీగ పైమూతలో మట్టి పెడుతుంది, గాలి దారి మూసుకుపోయి మొదటి రోజే మంట పసుపు రంగులో లేస్తుంది. అందువల్ల దీపావళి శుభ్రాలు చేసే రోజుల్లోనే మెకానిక్‌ను పిలిచి, మూత విప్పించి, బర్నరు బ్రష్షుతో దులిపించి, ఆ తర్వాతే కొత్త బ్యాటరీలు వేయండి.